రంగూన్ చుట్టలో లంక ఆకు

కాస్త ఇటు జరిగి కూచోండర్రా, పొయ్యికి ఎదురుగా కూచుంటే సెగ మొహాన కొడతది. లోపల ఆకు ఇంకా పసుపు తిరగతా ఉంది. ఈ రాత్రికి మంట పెరగకూడదు, తరగకూడదు. పొగాకు మాగబెట్టే ఈ బ్యారన్ కాడ రాత్రంతా మేలుకోవాలంటే ముచ్చట్లకి మించింది లేదు. నిన్న మా పెద్ద తాత రంగూన్ సంగతి సగంలో ఆపేశాను గదా, ఇవ్వాళ అది పూర్తి చేస్తా. అది చెప్తే మద్రాసు సంగతీ, సీమ డబ్బాల సంగతీ, అమెరికాలో నేను చూసిన కొట్టు సంగతీ వాటంతటవే వస్తాయి.

మన ఇళ్ళల్లో మొగాళ్ళు ఏ దేశం పోయినా ముందు ఆకు కొట్టు యాడుందో కనుక్కునేవాళ్ళు. చీరలూ సామాన్లూ తర్వాత. చుట్ట లేక కాదు. వర్జీనియా ఆకు రాకముందు మన చేలల్లో నాటు పొగాకే. ఆకు ఎండబెట్టి, మండె వేసి, మండె తిరగేసి, రంగు నల్లబడి ఘాటెక్కిందాకా ఆగేవాళ్ళు. ఎవరి చుట్ట వాళ్ళే చుట్టుకునేవాళ్ళు. ఈనె తీసి, తునకలు లోపల పరిచి, చిల్లు లేని ఆకు ఒకటి తడిపి పైన చుట్టేవాళ్ళు. ఒకటి నోట్లో, ఒకటి చెవి సందున. మొలలో చెకుముకి రాయి, ఉక్కు ముక్క, మన పత్తి చేల దూది. ఇంత ఆకు ఇంట్లో పెట్టుకున్న మనిషి పరాయి ఊళ్ళో చుట్ట కొంటన్నాడంటే, వాళ్ళ ఆకు ఎట్టా ఉందో చూద్దామనే. మా పెద్ద తాత అయితే కొన్న చుట్ట ముట్టించే ముందు ఒకటి విప్పి, ఆకు ఆకూ విడదీసి వాసన చూసేవాడు.

ఆయన మా తాతకి అన్న. కాకినాడలో ఒక ఆకు వర్తకుడి కాడ గుమాస్తా పని. గోదావరి లంకల మీద పండిన ఆకు కొని ఓడల మీద రంగూన్‌కి ఎక్కించడం ఆ వర్తకుడి యాపారం. లంక ఆకు మీరు చూసి ఉండరు. వరద వచ్చి ఒండ్రు వేసిపోయిన నేలలో, నీళ్ళు తీశాక నాటతారు. ఆకు మందం, ఘాటు, చుట్టకి అంతకన్నా మంచి ఆకు మన దేశంలో తక్కువ. కాకినాడలో పెద్ద ఓడలు ఒడ్డుకి వచ్చేవి కావు, సముద్రంలో దూరంగా లంగరేసి ఉండేవి. ఆకు చెక్కులూ మనుషులూ పడవల్లో పోయి ఎక్కాల్సిందే. విశాఖ, గోదావరి జిల్లాల కూలిజనం పైరు కోతలు అయిపోగానే ఆ ఓడల్లో రంగూన్ పోయేవాళ్ళు. రేవులో మూటలు మొయ్యడానికీ, బియ్యం మిల్లులకీ. మన గుంటూరు వైపు నించి పోయినవాళ్ళు తక్కువ. 1931 జనాభా లెక్కల్లో రంగూన్‌లో సగానికి మించి మనదేశం వాళ్ళే ఉన్నారు. బజార్లో తెలుగు మాట్లాడితే ఎవరో ఒకరు తలెత్తి చూసేవాళ్ళని పెద్ద తాత చెప్పేవాడు.

రంగూన్‌లో చుట్టలు అమ్మేది ఆడవాళ్ళు. తాగేదీ ఆడవాళ్ళే, మొగాళ్ళతో సమానంగా. చుట్ట ఒక్కొక్కటీ బొటనవేలు కన్నా లావు. మొక్కజొన్న పొత్తు మీద తెల్లటి పొర ఉంటది చూడండి, దాంట్లో చుట్టిన రకం ఒకటి. లోపల తరిగిన ఆకు, కాడ ముక్కలు, చిన్న కర్రముక్కలు కూడా కలుపుతారు. ముట్టిస్తే నిప్పులు రాలతాయి. అందుకని కింద కొబ్బరి చిప్పో పళ్ళెమో పట్టుకుని తాగతారు. ఇంకో రకం పచ్చటి చెట్టాకులో చుట్టింది. షాన్ కొండల వైపు ఆ ఆకు చెట్లు ఉంటాయి. అది తేలిక చుట్ట, పొద్దస్తమానం తాగినా తల తిరగదు. ఈ రెండూ పెద్ద తాతకి నచ్చలేదు. ఘాటు లేని దాన్ని ఆయన చుట్ట కింద లెక్కెయ్యలేదు.

మూడో రకం ఉంది. మొత్తం పొగాకే, నల్లటి చుట్ట. రంగూన్‌లో, మౌల్మీన్‌లో చుట్టించి పెట్టెల్లో సర్ది సీమకి పంపేవాళ్ళు. బర్మా చుట్ట అని లండన్‌లో దొరలు పేరు పెట్టి అడిగి కొన్నది ఇదే. 1926లో కట్టిన స్కాట్ మార్కెట్‌లో పెద్ద తాత ఒక కట్ట కొన్నాడు. బసకి పోయి దీపం కింద ఒకటి విప్పాడు. పై ఆకు తీశాడు, లోపలి ఆకు అరచేతిలో పరిచి నలిపాడు. ఆ వాసన ఆయనకి తెలుసు. తన చేత్తో చెక్కులు లెక్కపెట్టి కాకినాడలో పడవకెక్కించిన లంక ఆకు అది. డబ్బులిచ్చి పరదేశంలో కొన్న పరదేశపు చుట్ట కడుపులో గోదావరి ఒండ్రు. మర్నాడు మళ్ళీ ఆ కొట్టుకి పోయి అమ్మే ఆమెని అడిగాడంట, ఈ ఆకు యాడిదని. ఆమె ఓడల వైపు చెయ్యి చూపించింది. ఆమెకి అంతవరకే తెలుసు. ఏ ఊరు, ఏ లంక, ఏ రైతు అన్నది ఆమెకి ఎవరూ చెప్పలేదు. సీమకి పోయే పెట్టె మీద మటుకు బర్మా అని అచ్చేశారు. ఈ సంగతి చెప్పేటప్పుడు పెద్ద తాత గొంతు మారేది. నేను చిన్నవాణ్ణి, అందులో అంత బాధ ఏముందో అప్పుడు నాకు తెలియలేదు. బ్యారన్ పెట్టాక తెలిసింది.

ఆయన తెచ్చిన కట్టలు ఊళ్ళో పంచేవాళ్ళు. పెద్దవాళ్ళకి ఒక్కోటి, వియ్యాలవారికి రెండు. పెళ్ళిళ్ళలో తాంబూలం పళ్ళెంలో బర్మా చుట్ట కనపడిందంటే ఆ ఇంటి మనిషి దేశం చూసొచ్చాడని అర్థం.

ఆ తర్వాతవి మంచి రోజులు కావు. 1930 మే నెలలో రంగూన్ రేవులో మన తెలుగు కూలీలు జీతం పెంచమని పని ఆపారు. వాళ్ళ చోట బర్మా వాళ్ళని పెట్టి, సమ్మె తీరాక ఆ బర్మా వాళ్ళని తీసేశారు. దాంతో వీధుల్లో కొట్లాటలు, మనవాళ్ళు చాలామంది పోయారు. 1937లో బర్మాని మన దేశం నించి విడదీశారు. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులేశాయి. లక్షల మంది కాలినడకన బయల్దేరారు. పెద్ద తాత అరకాన్ కొండల దారిన నడిచి చిట్టగాంగ్ చేరి, అక్కణ్ణించి ఇంటికి వచ్చాడు. దారిలో కలరా, ఆకలి. వాటి గురించి ఆయన పెద్దగా చెప్పలేదు, నేనూ చెప్పను. ఉండిపోయినవాళ్ళు ఇంకొందరు 1960ల్లో నే విన్ ప్రభుత్వం కొట్లూ యాపారాలూ స్వాధీనం చేసుకున్నాక వచ్చారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అనే పేట వాళ్ళ వల్ల పడిందే.

మా నాయన రంగూన్ చూడలేదు. ఆయన రోజుల్లో మన రాజధాని మద్రాసు. కోర్టు పనో, సర్కారు పనో పడి మద్రాసు పోతే మౌంట్ రోడ్డులో స్పెన్సర్స్ కొట్టు చూడకుండా వచ్చేవాడు కాదు. వాళ్ళకి దిండిగల్‌లో సొంతంగా చుట్టల ఫ్యాక్టరీ ఉండేది. అక్కడి చుట్టలు చర్చిల్ కోసం సీమకి పోయేవని దిండిగల్ వాళ్ళు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. తిరుచినాపల్లి పక్కన ఉరైయూరు వీధుల్లో ఇళ్ళల్లోనే కూచుని చుట్టేవాళ్ళు. వయసులో ఉండగా నేను పోయి చూశాను. పలక మీద ఆకు పరిచి, కత్తితో వంపుగా కోసి, అరచెయ్యి ఒక్కసారి దొర్లిస్తే చుట్ట తయారు. ఆ చేతుల పని చూస్తా ఒక పూటంతా ఆ అరుగు మీదే కూచున్నా. షెర్లాక్ హోమ్స్ కథలు మా ఇంగ్లీషు మాస్టారు చెప్పేవాడు. 1887లో వచ్చిన మొదటి నవలలోనే ఆ హోమ్స్ దొర నేల మీద రాలిన బూడిద చూసి, హంతకుడు తాగింది తిరుచినాపల్లి చుట్ట అని చెప్తాడు. అంత పేరు దానికి.

ఇంక మన గుంటూరు ఆకు సంగతి. 1919లో ఇంగ్లండు ప్రభుత్వం తన సామ్రాజ్యంలో పండిన పొగాకుకి సుంకం ఆరో వంతు తగ్గించింది. అమెరికా ఆకు కన్నా మన ఆకు సీమలో చవగ్గా దొరికే దారి పడింది. మరుసటి సంవత్సరమే, 1920లో, మన గుంటూరు జిల్లాలో వర్జీనియా పొగాకు వేసి చూశారు. ఆకు కొనే ఐ.ఎల్.టి.డి. కంపెనీ అప్పటికే, 1912 నించీ ఇక్కడుంది. ఆ తర్వాత చీరాలలో దాని ఫ్యాక్టరీ మీకు తెలిసిందే. నల్లరేగడి చేలల్లో వాన తేమ మీదే పంట తీసి, ఇదిగో ఈ బ్యారన్లలో పచ్చగా మాగబెట్టి ఓడెక్కించడం మొదలైంది. ఆకు రెలుపులకి ఊళ్ళకి ఊళ్ళే కదిలేవి. ఆ రోజుల్లో సీమకి పోయిన మన ఆకు పైపు పొగాకులోకి బాగా పోయింది. చౌకగా అమ్మే పైపు మిశ్రమాల మీద ఎంపైర్ అని అచ్చేసేవాళ్ళు. ఇండియా ఆకు, నయాసాలాండ్ ఆకు, రొడీషియా ఆకు అన్నీ ఆ ఒక్క పేరు కిందే.

మా నాయన స్పెన్సర్స్‌లో ఒక పైపు పొగాకు డబ్బా కొన్నాడు. పైపు లేదు, తాగడమూ రాదు. మూత తీసి చూడ్డానికి కొన్నాడు. ఇంటికి తెచ్చి అరుగు మీద పెట్టి, ఊళ్ళో బ్యారన్లున్న రైతుల్ని పిలిచాడు. సన్నగా తరిగి, పేర్చి నొక్కిన ఆకు. గుంటూరు మిర్చి యార్డులో యాపారి టిక్కీలోంచి కాయ తీసి తుంచి, ముక్కు కాడ పెట్టుకుని చూసినట్టు, ఒక్కొక్కళ్ళూ చిటికెడు తీసుకుని నలిపి వాసన చూశారు. తీపి వాసన, ఎండుగడ్డి వాసన. నిమ్మపండు రంగు పోగులు కొన్ని, ఎర్రవి కొన్ని. ఇది మనదే అని ఒకాయన అన్నాడు, కాదని ఇంకొకాయన. తేల్చేదెట్టా? డబ్బా మీద లండన్ అని తప్ప ఇంకేం రాసి లేదు. ఆ డబ్బా చాన్నాళ్ళు మా ఇంట్లో మిరప విత్తనాలకి వాడాం.

ఇప్పుడు అమెరికా ముచ్చట. మీ అత్త కాపురం కారీలో గదా, నార్త్ కరోలినా. అక్కడికి పక్కనే డర్హమ్. నన్ను గుడికి తీసుకుపోతామన్నారు, బీచికి అన్నారు. నేను ముందు ఆకు చూపించమన్నా. అల్లుడు మంచివాడు, మర్నాడే డ్యూక్ హోమ్‌స్టెడ్‌కి తీసుకుపోయాడు. వాషింగ్టన్ డ్యూక్ అనే రైతు ఇల్లది. 1865లో వాళ్ళ యుద్ధం అయిపోయాక ఇంటికొచ్చి, మిగిలిన ఆకు నలగ్గొట్టి, సంచుల్లో పోసి, పైపు పొగాకు కింద బండి మీద ఊరూరా అమ్మాడు. ఆయన కొడుకు జేమ్స్ డ్యూక్ ఆ యాపారాన్ని ప్రపంచమంతా పాకించాడు. 1902లో లండన్‌లో బ్రిటిష్ అమెరికన్ టొబాకో పుట్టింది ఆయన వల్లే. మన ఐ.ఎల్.టి.డి. కూడా ఆ వంశంలోదే. ఆ ఇంటి వెనకాల దుంగలతో కట్టిన బ్యారన్ ఉంది. లోపల ఆకు అల్లిన కర్రలు వేలాడతన్నాయి. నేను లోపలికి పోయి తల పైకెత్తి నిలబడ్డా. ఏ దేశంలో ఉన్నానో కాసేపు గుర్తు లేదు.

అక్కడే విన్నాను, ఈ పచ్చటి ఆకు ఎట్టా పుట్టిందో. 1839లో ఆ రాష్ట్రంలోనే కాస్వెల్ కౌంటీలో అబీషా స్లేడ్ అనే రైతు. ఆయన కాడ స్టీఫెన్ అనే బానిస కుర్రవాడు బ్యారన్ కాచేవాడు. ఒక రాత్రి నిద్రపట్టి కన్ను మూశాడు. లేచి చూస్తే మంట ఆరిపోవస్తంది. భయపడి, కమ్మరి కొలిమి కాడికి ఉరికి బొగ్గులు తెచ్చి వేశాడు. ఒక్కసారి వేడి లేచి ఆకు నిగనిగలాడే పసుపుకి తిరిగింది. అట్టాంటి ఆకు అంతకుముందు ఎవరూ చూడలేదు. మంచి ధర పలికింది, ఆ డబ్బు స్లేడ్‌కి పోయింది. మన బ్యారన్లు, ఈ గొట్టాలు, ఈ 160 డిగ్రీల ఫారన్‌హీట్ లెక్క, అన్నీ ఆ కుర్రవాడి రాత్రి నించి వచ్చినవే. ఆకు దించే ముందు దణ్ణం పెట్టేటప్పుడు స్టీఫెన్ పేరు కూడా తలుచుకోండి.

తర్వాత పైపు పొగాకు అమ్మే కొట్టుకి పోయాం. గోడ పొడుగునా గాజు జాడీలు, ఒక్కోదాని మీద చీటీ. ఔన్సు లెక్కన తూచి ఇస్తారు, ఔన్సంటే 28 గ్రాములు. ఏ జాడీ మూత తీసినా ఏమీ అనరు. వర్జీనియా, బర్లీ, లూసియానాలో పీపాల్లో నొక్కి పులియబెట్టే పెరీక్, ఇంకా లటాకియా. ఈ లటాకియా వాసన చూసి ఆగిపోయా. అది కట్టెల పొగ పట్టించిన ఆకు, సైప్రస్ వైపు నించి వస్తది. మన బ్యారన్లో గొట్టం చిల్లుపడి పొగ ఆకుకి తగిలితే గ్రేడు పోద్ది, వేలంలో కొనేవాడు ముక్కు తిప్పుకుంటాడు. అక్కడ అదే పొగ వాసనకి ఎక్కువ ధర కడతన్నారు. ఆకుకి మంచీ చెడూ కొనేవాడి అలవాటే నిర్ణయిస్తదని అక్కడ తెలిసింది.

వర్జీనియా జాడీ కాడ నిలబడి అడిగించా, ఈ ఆకు ఏ ఊరిదని. కొట్టాయన మర్యాదగానే చెప్పాడు. డబ్బాలు కట్టే కంపెనీ రకరకాల దేశాల ఆకు కలుపుతదంట, బ్రెజిల్ ఉండొచ్చు, జింబాబ్వే ఉండొచ్చు, ఇండియా ఉండొచ్చు, ఆయనకి తెలిసే దారి లేదు. స్కాట్ మార్కెట్‌లో ఆ ఆడమనిషి ఇచ్చిన జవాబే ఇది. నడుమ ఇన్నేళ్ళు పోయాయి, రెండు దేశాలు స్వతంత్రమయ్యాయి. గుంటూరులో 1976 నించి పొగాకు బోర్డు ఉంది, 1985 నించి మన రాష్ట్రంలో వేలాలు జరగతన్నాయి. టంగుటూరులో బేలు దిగితే దాని మీద రైతు నంబరు ఉంటది. ఓడెక్కేసరికి ఆ నంబరు పోద్ది.

ఎట్టా కొనాలో కూడా చెప్తా ఇనండి, మీరు తిరిగే పిల్లలు. పెట్టె అందం చూసి చుట్ట కొనకూడదు. రెండు వేళ్ళ మధ్య మెల్లగా దొర్లించండి, గడ్డలు తగిలితే లోపల సరిగా పరచలేదని. చెవి కాడ నొక్కినప్పుడు పెళపెళమంటే ఎండిపోయిందని. కాలే కొన వాసన చూడాలి, నోట్లో పెట్టే కొన కాదు. అన్నిటికన్నా పెద్ద పరీక్ష నిప్పు. మంచి ఆకు ఊదకపోయినా నిలకడగా కాలతది, బూడిద తెల్లగా నిలబడతది. మాటిమాటికీ ఆరిపోతే, బూడిద నల్లగా ఉంటే, అది ఉప్పు నీళ్ళు తాగిన ఆకు. మన సముద్రం వైపు బావుల్లో క్లోరైడ్ ఎక్కువ. అందుకే పొగాకు చేలకి ఆ నీళ్ళు వద్దనీ, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ చల్లొద్దు, సల్ఫేటే వెయ్యాలనీ రాజమండ్రి పొగాకు పరిశోధన కేంద్రం వాళ్ళు మొత్తుకుంటా వచ్చారు. రైతు ఏ ఎరువు వేశాడో కొనేవాడికి నిప్పు చెప్తది.

తాగమని చెప్పడం లేదురా. నేను ముట్టించడం మానేసి చాలా కాలమైంది. పెద్ద తాత చివరి రోజుల దగ్గు ఈ చెవుల్తో విన్నవాణ్ణి. శ్రీకాకుళం వైపు ఆడవాళ్ళు నిప్పున్న కొన నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగతారు. అక్కడ 10,169 మందిని పరీక్ష చేసి అంగిలి జబ్బుల మీద రాసిన అధ్యయనం 1971లోనే వచ్చింది. అంగిట్లో పుండ్లు, అవే ముదిరి క్యాన్సర్లు. పొగాకు మీద బతికిన కొంపలో పుట్టి ఈ మాట చెప్పడం నాకు తేలిక కాదు, కానీ నిజం అది. వాసన చూడండి, చేత్తో పట్టి చూడండి, అక్కడితో ఆపండి.

తెచ్చేటప్పుడు లెక్క కూడా మరవొద్దు. 2016 బ్యాగేజీ నిబంధనల్లో విదేశం నించి వచ్చే మనిషి సుంకం లేకుండా తెచ్చుకోగలిగింది 100 సిగరెట్లు, లేదంటే 25 సిగార్లు, లేదంటే 125 గ్రాముల పొగాకుగా ఉండేది. మూడూ కలిపి కాదు, ఏదో ఒకటి. ఇప్పటి లెక్క ఎంతో కనుక్కుని తెచ్చుకోండి.

మీలో ఎవరు ఏ దేశం పోయినా ఆకు కొట్లోకి పోయి ఒక ప్రశ్న అడగండి, ఈ ఆకు ఏ దేశంలో, ఏ జిల్లాలో పండింది అని. తెలియదంటే, తెలుసుకుని పెట్టమని చెప్పి రండి. ఇక్కడ మనం గుంటూరు బోర్డు ఆఫీసుకి పోయి అడుగుదాం, ఎగుమతయ్యే ఆకు మీద ప్రకాశం అనో గుంటూరు అనో పేరు ఉండాలని. వచ్చే వేలాలు మొదలయ్యేలోపు ఊళ్ళో బ్యారన్లున్న రైతులందరి చేతా ఆ అర్జీ మీద సంతకం పెట్టించండి. మొదటి సంతకం నాది రాసుకోండి.